నాన్నకు పన్ను లేదు.. మరి నీ టీడీఎస్ సంగతేంటి?

జులై దగ్గరపడిందంటే తాడేపల్లి చుట్టుపక్కల కాలేజీల జూనియర్లు నాకు పెట్టే మెసేజ్ ఒకటే. 'అన్నా, ఇంటర్న్‌షిప్ స్టైపెండ్‌లో పది శాతం కోసేశారు. ఇక పోయినట్టేనా?' పోలేదు. అడిగితే వస్తుంది. అడగడమంటే మీ పేరున రిటర్ను వేయడమే.

లెక్క చూద్దాం. నెలకు 12 వేల చొప్పున ఆరు నెలలకు 72 వేలు వచ్చాయనుకోండి. కంపెనీ దాన్ని ప్రొఫెషనల్ ఫీజుగా చూపిస్తే, ఏడాదిలో 50 వేలు దాటింది కాబట్టి 10 శాతం, అంటే రూ.7,200 టీడీఎస్ పట్టుకుంటుంది. ప్యాన్ ఇవ్వకపోతే 20 శాతం! 2025-26లో కొత్త విధానం ప్రకారం 4 లక్షల ఆదాయం దాకా పన్నే లేదు. వేరే సంపాదన లేకపోతే ఆ 7,200 మొత్తం మీదే.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. 'మా నాన్నది మిర్చి సాగు, ఆయనే ఎప్పుడూ రిటర్ను వేయలేదు, నేనెందుకు?' అంటారు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు, నిజమే. కానీ టీడీఎస్ పడింది మీ ప్యాన్ మీద. నాన్న ప్యాన్‌తో దానికి సంబంధం లేదు.

ఇంకొందరికి అమెరికాలో ఉన్న బాబాయ్ సలహా ఇస్తాడు, 'డిపెండెంట్‌గా చూపించమను' అని. అక్కడ షరతులకు లోబడి 24 ఏళ్లలోపు ఫుల్‌టైమ్ స్టూడెంట్‌ని తల్లిదండ్రులు అలా చూపించుకోవచ్చు. మన దగ్గర ఆ పద్ధతి లేదు. పద్దెనిమిదేళ్లు నిండితే మీ ఆదాయం మీది, మీ రిటర్ను మీది.

నాన్న ఉద్యోగస్తుడైతే? పాత విధానంలో ఉంటే మీ ట్యూషన్ ఫీజును 80సీ కింద, అన్నీ కలిపి లక్షన్నర పరిమితిలో చూపించుకోవచ్చు. హాస్టల్ ఫీజు, డొనేషన్ లెక్కలోకి రావు. ఆయన అది చూపించినా మీ రీఫండ్‌కు అడ్డం కాదు. స్కాలర్‌షిప్‌కి పన్నూ లేదు.

ఇక పని ఇలా. ముందు ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ప్యాన్‌తో రిజిస్టర్ అయ్యి ఫారం 26ఏఎస్ తెరవండి. కోసిన డబ్బు అక్కడ కనబడాలి. కనబడకపోతే కంపెనీ హెచ్‌ఆర్‌ని అడగండి. పక్కనే ఉన్న సెక్షన్ నంబరు చూడండి. 192 అంటే జీతం, 194జే అంటే ప్రొఫెషనల్ ఫీజు. ఏ ఐటీఆర్ ఫారం అన్నది దాన్నిబట్టే ఉంటుంది. తేల్చుకోలేకపోతే తెలిసినవాళ్లకు చూపించండి. బ్యాంకు ఖాతాను పోర్టల్‌లో వ్యాలిడేట్ చేయండి, రీఫండ్ దాంట్లోకే వస్తుంది. రిటర్ను వేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయాలి. అది చేయకపోతే వేసినా వేయనట్టే.

జీతం ఆదాయమైతే మామూలుగా గడువు జులై 31. దాటినా డిసెంబరు 31 దాకా వేయొచ్చు. ఆదాయం పన్ను పరిమితిలోపే ఉంటే లేటు ఫీజు కూడా పడదు.

ఒక్క జాగ్రత్త. 'ఎక్కువ రీఫండ్ తెప్పిస్తా, కమీషన్ ఇవ్వు' అనేవాళ్లకు పాస్‌వర్డ్, ఓటీపీ ఇవ్వకండి. దొంగ లెక్కలు రాసింది వాళ్లే అయినా నోటీసు వచ్చేది మీ పేరు మీదే.