ఫొటో కోసమా? తాబేలు కోసమా?

సముద్ర తాబేలు గుడ్డులాగే కనిపించే ఓ బంతి. త్రీడీ ప్రింటర్‌లో తయారైంది. లోపల జీపీఎస్, మొబైల్ నెట్‌వర్క్ ద్వారా సమాచారం పంపే చిన్న పరికరం. కోస్టారికా తీరంలో తాబేళ్ల గూళ్లలో అసలు గుడ్ల మధ్య ఇలాంటివి 101 పెట్టారు పరిశోధకులు. గుడ్ల దొంగలు దాదాపు పావు వంతు నకిలీలను అసలు గుడ్లతో కలిపి ఎత్తుకెళ్లారు. వాటిలో ఒకటి 137 కిలోమీటర్లు ప్రయాణించింది. మధ్యలో ఓ సూపర్‌మార్కెట్‌ దగ్గర సరుకు దించే చోట ఆగి, చివరికి ఓ ఇంటికి చేరింది. తీరం నుంచి కొనేవాడి గుమ్మం దాకా దొంగ సరుకు దారి మొత్తం మ్యాప్ మీద కనిపించింది. ఈ ఫలితాలు 2020లో ‘కరెంట్ బయాలజీ’ అనే పరిశోధన పత్రికలో వచ్చాయి.

కెరియర్ పేజీలో తాబేలు గుడ్ల గొడవేంటి అనుకుంటున్నారా? ‘ఒక నెల అడవిలో ఉండి జంతువులకు సేవ చేసి రావాలి’ అని మీలో చాలామందికి ఉంటుంది. బీటెక్ చదివినవాళ్లకు అక్కడేం పని అనే సందేహమూ ఉంటుంది. పని ఉంది. చాలానే ఉంది. కాకపోతే రీల్స్‌లో కనిపించే పని వేరు, అక్కడ జరిగే పని వేరు. కోస్టారికా కరీబియన్ తీరంలో ఓ చిన్న తాబేళ్ల కేంద్రంలో ఐదు వారాలు వలంటీర్‌గా పనిచేశాను. ఆ అనుభవంతో, చదివి తెలుసుకున్నదాంతో మీకు ఉపయోగపడే నాలుగు మాటలు చెబుతాను.

ఆ దేశమే ఎందుకు?

కోస్టారికా విస్తీర్ణం సుమారు 51,100 చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణలో సగం కూడా ఉండదు. ఒకవైపు పసిఫిక్, ఇంకోవైపు కరీబియన్ సముద్రం, మధ్యలో అగ్నిపర్వతాలు, వానలు ఆగని అడవులు. 1948లో సైన్యాన్నే రద్దు చేసిన దేశమిది. పశువుల మేత కోసం, సాగు కోసం అడవులు విపరీతంగా నరికేయడంతో 1980ల నాటికి పచ్చదనం బాగా తగ్గిపోయింది. 1996లో కొత్త అటవీ చట్టం తెచ్చారు. చెట్లు కొట్టకుండా కాపాడే భూ యజమానికి ప్రభుత్వమే డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇంధనం మీద వేసే పన్నులో కొంత అందుకు వెళ్తుంది. ఇప్పుడు దేశంలో సగానికి పైగా మళ్లీ అడవే. 2012లో సరదా కోసం ఆడే వేటను కూడా నిషేధించారు.

తాబేళ్ల విషయానికొస్తే, కరీబియన్ ఒడ్డున టోర్టుగెరో అనే ఊరుంది. రోడ్డు లేదు. కాలువల్లో పడవ మీదో, చిన్న విమానంలోనో వెళ్లాలి. ఆర్చీ కార్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1950లలో ఇక్కడ పచ్చ తాబేళ్ల మీద పరిశోధన మొదలుపెట్టారు. ఆ కృషికి అండగా 1959లో ఏర్పడిన సంస్థే నేటి సీ టర్టిల్ కన్జర్వెన్సీ. 1975లో ఆ ప్రాంతం జాతీయ పార్కు అయింది. దశాబ్దాలుగా ఏటా తాబేళ్ల లెక్క ఆగకుండా సాగుతోందంటే కారణం రాత్రిళ్లు ఇసుకలో నడిచే వలంటీర్లు.

రోజు ఎలా గడుస్తుంది?

అసలు రోజు అనకూడదు, రాత్రి అనాలి. ఓ బృందం రాత్రి ఎనిమిదింటికి బయల్దేరితే, ఇంకో బృందం అర్ధరాత్రి దాటాక వెళ్తుంది. ముదురు రంగు బట్టలు. తెల్ల టార్చి వెలిగించకూడదు, తప్పదంటే ఎర్ర లైటే. ఫోన్ వెలుగు అసలే పనికిరాదు. వెలుగు చూస్తే ఒడ్డుకొచ్చే తల్లి వెనక్కి తిరిగిపోతుంది. గూట్లోంచి బయటికొచ్చిన పిల్లలైతే సముద్రం ఎటుందో తెలియక తికమకపడతాయి.

తాబేలు గొయ్యి తవ్వుకునేదాకా దూరంగా, కదలకుండా కూర్చోవాలి. గుడ్లు పెట్టడం మొదలయ్యాక పని ఒక్కసారిగా ఊపందుకుంటుంది. ఒకరు వెనక బోర్లా పడుకుని, రాలుతున్న గుడ్లను ఒక్కొక్కటీ లెక్కపెడతారు. పచ్చ తాబేలు ఒక్క గూట్లో వంద పైచిలుకు పెడుతుంది. ఇంకొకరు డిప్ప పొడవు కొలుస్తారు. మరొకరు ముందు రెక్కకు లోహపు ట్యాగ్ ఉందో లేదో చూసి, నంబర్ రాసుకుంటారు. వాన పడుతూనే ఉంటుంది. పెన్ను రాయదు, పెన్సిలే దిక్కు. ఇసుక దోమలు కుడుతుంటాయి. కొన్ని రాత్రులు పదహారు కిలోమీటర్లు నడిచినా ఒక్క తాబేలూ కనిపించదు. ‘సున్నా’ అని రాసి సంతకం పెట్టి రావాలి. ఆ సున్నా కూడా డేటాయే.

పగలు? నిద్ర, వంటింట్లో వంతు పని, తీరంలో ప్లాస్టిక్ ఏరడం, పొదిగిన గూళ్లు తవ్వి ఎన్ని పిల్లలు బయటపడ్డాయో లెక్కించడం. తిండి గురించి మాత్రం దిగులు పడకండి. అన్నం, నల్ల చిక్కుడు గింజలు కలిపి వేయించే గాయో పింటో వాళ్ల పొద్దుటి టిఫిను. మనవాళ్లకు ఓ ఆవకాయ ముక్క ఉంటే ఇక లోటుండదు.

ఇది ఆట కాదు

జైరో మోరా సాండోవాల్ పేరు గుర్తుపెట్టుకోండి. కోస్టారికా యువకుడు. లిమోన్ దగ్గర మోయిన్ తీరంలో, సముద్ర తాబేళ్లలోకెల్లా పెద్దవైన లెదర్‌బ్యాక్‌ల గూళ్లను కాపాడేవాడు. 2013 మే 31 రాత్రి గస్తీలో ఉండగా దుండగులు అతన్ని అపహరించి చంపేశారు. వయసు 26. వెంట ఉన్న నలుగురు విదేశీ వలంటీర్లనూ బంధించారు, వాళ్లు ప్రాణాలతో బయటపడ్డారు. ఈ కేసులో 2016లో నలుగురు దోషులుగా తేలారు.

మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. గుడ్డు వెనక డబ్బుంది, పేదరికం ఉంది, నేరముంది. విదేశీ వలంటీర్ నెల తర్వాత విమానం ఎక్కేస్తాడు. స్థానికుడు అక్కడే ఉంటాడు. కాబట్టి సంస్థను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: రాత్రి గస్తీలో స్థానిక సిబ్బంది ఎవరుంటారు, అనుకోనిది జరిగితే ఏం చేస్తారు? జవాబు తడబడితే అక్కడికి వెళ్లొద్దు.

పసిఫిక్ ఒడ్డున ఒస్టియోనల్ కథ ఇంకోలా ఉంటుంది. అక్కడ ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలల్లో ఒకేసారి ఒడ్డుకొస్తాయి. ముందొచ్చినవి పెట్టిన గుడ్లను తర్వాతొచ్చినవి తవ్వి పాడుచేస్తాయి. అందుకే తొలి రోజుల గుడ్లలో కొన్ని తీసుకునేందుకు 1987 నుంచి ఊరివాళ్లకు చట్టబద్ధంగా అనుమతి ఉంది. బదులుగా తీరం శుభ్రం చేయడం, గూళ్లకు కాపలా కాయడం వాళ్ల బాధ్యత. ‘గుడ్లు తినేవాళ్లంతా విలన్లు’ అనుకుని వెళ్లినవాళ్లకు ఇక్కడ కొత్త పాఠం దొరుకుతుంది.

నకిలీ కేంద్రాన్ని పట్టేదెలా?

జంతుసేవ పేరుతో వ్యాపారం చేసేవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. స్లాత్‌ను ఎత్తుకుని ఫొటో దిగొచ్చు, పిల్ల కోతికి పాలు పట్టొచ్చు అని ప్రకటనలు కనిపిస్తాయి. స్లాత్ మొహం నవ్వుతున్నట్టు ఉంటుంది. అది దాని ముఖం తీరు, సంతోషం కాదు. అడవి జంతువులతో సెల్ఫీలు వద్దంటూ కోస్టారికా ప్రభుత్వం 2019లో పెద్ద ప్రచారమే చేసింది. డబ్బు కట్టే ముందు ఈ అయిదు విషయాలు తేల్చుకోండి.

• జంతువుల్ని తాకనిస్తామని ఆశ పెడుతున్నారా? అలాగైతే వదిలేయండి. మనుషులకు అలవాటుపడిన జంతువు తిరిగి అడవిలో బతకడం కష్టం.
• కిందటేడు ఎన్నింటిని చేర్చుకున్నారు, ఎన్నింటిని అడవిలో వదిలారు? మంచి కేంద్రం ఈ లెక్క దాచదు.
• ప్రభుత్వ అనుమతి, పశువైద్యుడు ఉన్నారా?
• మీరు కట్టే ఫీజులో తిండి, బసకు ఎంత, సిబ్బంది జీతాలకు ఎంత?
• మీరు చేసే పని జీతమిచ్చి స్థానికుడితో చేయించగలిగేదేనా? అయితే మీ సేవ ఎవరికో ఉపాధి తీసేస్తోందేమో ఆలోచించండి.

‘సేవ చేసేది మనం, డబ్బు కూడా మనమే కట్టాలా?’ అని ఇంట్లో అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చిన్న సంస్థలకు చాలాచోట్ల వలంటీర్ల ఫీజే ప్రధాన ఆదాయం. ఫీజు తీసుకోవడం తప్పు కాదు, లెక్క చెప్పకపోవడం తప్పు.

ఇంజినీర్‌కు ఏం పని?

నేను వెళ్లిన కేంద్రంలో అందరికంటే ఎక్కువ అవసరమైంది ఎక్సెల్ వచ్చినవాళ్లు. తడిసిన నోటు పుస్తకాల్లోని నంబర్లను శుభ్రమైన పట్టికలుగా మార్చాలి. ఒకే తాబేలుకు రెండు ట్యాగ్ నంబర్లు పడితే పట్టుకోవాలి. చిన్న పైథాన్ స్క్రిప్టుతో వాళ్లకు రెండు రోజుల పని గంటలో అయిపోయింది.

ఇదొక్కటే కాదు. గూట్లో ఇసుక వేడెక్కితే ఎక్కువగా ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు పుడతాయి. భూతాపం పెరుగుతున్న వేళ ఉష్ణోగ్రత సెన్సర్ల డేటా ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. ఒస్టియోనల్ సముద్ర జలాల్లో తాబేళ్లు ఎంత దట్టంగా ఉన్నాయో 2015లో డ్రోన్లతో అంచనా వేశారు. కరెంటు తీగలు పట్టుకుని స్లాత్‌లు, కోతులు చనిపోతుంటాయి. తీగలకు ఇన్సులేషన్ వేయడం, చెట్ల మధ్య తాళ్ల వంతెనలు కట్టడం ఎలక్ట్రికల్, సివిల్ వాళ్లకు తెలిసిన పనే కదా! దరఖాస్తులో ‘జంతువులంటే ప్రేమ’ అని ఒక పేరా రాసే బదులు, మీకు వచ్చిన పని ఒక్కటి స్పష్టంగా రాయండి.

బయల్దేరే ముందు

వీసా నిబంధనలు మారుతుంటాయి. ఢిల్లీలోని కోస్టారికా ఎంబసీని అడగండి. టూరిస్టుగా వెళ్లి వలంటీర్ పని చేయొచ్చా అన్నది సంస్థతోనూ, ఎంబసీతోనూ రాతపూర్వకంగా తేల్చుకోండి. అమెరికా మీదుగా వెళ్తే ట్రాన్సిట్ వీసా కావాలి. కొన్ని దక్షిణ అమెరికా, ఆఫ్రికా దేశాల మీదుగా వస్తే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అడుగుతారు. వైద్య ఖర్చులు భరించే ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా కదలొద్దు. డెంగీ అక్కడా ఉంది. భాష స్పానిష్. మూడు నెలలు రోజూ అరగంట నేర్చుకుంటే గస్తీలో పనికొచ్చేంత వస్తుంది. కాలం విషయానికొస్తే, టోర్టుగెరోలో పచ్చ తాబేళ్ల సీజన్ జులై నుంచి అక్టోబర్ దాకా, లెదర్‌బ్యాక్‌లది సుమారు మార్చి నుంచి జూన్ దాకా. మన కంటే పదకొండున్నర గంటలు వెనక ఉంటారు కాబట్టి, ఇంటికి ఫోన్ చేసే వేళ ముందే అమ్మతో మాట్లాడుకోండి.

ముందు మన ఒడ్డున

అంత ఖర్చు పెట్టే ముందు ఒక పరీక్ష పెట్టుకోండి. ఒస్టియోనల్‌కు వచ్చే ఆలివ్ రిడ్లీ జాతే ఒడిశాలోని గహిర్మాత, రుషికుల్య తీరాలకు వేలల్లో వస్తుంది. మన శ్రీకాకుళం, విశాఖ, కాకినాడ తీరాల్లోనూ చలికాలం చివర్లో గుడ్లు పెడుతుంది. గుడ్లను కాపాడి పిల్లల్ని సముద్రంలో వదిలే కేంద్రాలు మన తీరంలోనూ ఉన్నాయి. చెన్నైలో విద్యార్థుల బృందం ఎస్‌ఎస్‌టీసీఎన్ 1988 నుంచి తీరంలో రాత్రి నడకలు నిర్వహిస్తోంది. ఇక ఇదే వృత్తి కావాలంటే దెహ్రాదూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా, బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లోని వన్యప్రాణి ఎమ్మెస్సీ కోర్సు చూడండి. హైదరాబాద్‌లోనే సీసీఎంబీకి చెందిన లాకోన్స్ అంతరించిపోతున్న జంతువుల మీద పరిశోధన చేస్తోంది.

ఈ సీజన్‌లో మీకు దగ్గరి అటవీశాఖ కార్యాలయానికి వెళ్లి, రాత్రి గస్తీకి రావచ్చా అని అడగండి. నాలుగు రాత్రులు ఇసుకలో నడిచి, ఫోన్ జేబులోంచి తీయకుండా, కనిపించని తాబేలుకు ‘సున్నా’ అని రాసి వచ్చాక కూడా అయిదో రాత్రి వెళ్లాలనిపిస్తే, అప్పుడు పాస్‌పోర్టు బయటికి తీయండి.