మీటరు చెప్పని నిజం

ఓడ పక్కన గూట్లో కూర్చునే పసుపుపచ్చ ఆపద బీకన్‌కు బ్యాటరీ గడువు ముగిసిందంటే యజమానికి చిరాకే. మీటరు పెడితే వోల్టేజి నిండుగా ఉంటుంది, ఒక్కసారీ వాడలేదు, అయినా మార్చాలంటారు. ఇది కంపెనీల వ్యాపారమేనన్న అనుమానానికి లెక్క కూడా తోడు పలుకుతుంది. బీకన్ 406 మెగాహెర్ట్జ్‌లో 5 వాట్ల బలంతో అర సెకను పాటు కేక వేసి, దాదాపు 50 సెకన్లు ఊరుకుంటుంది. నిబంధన ప్రకారం 48 గంటలు పనిచేయాలి. అంటే సుమారు 3,450 కేకలు. ఈ కేకలతో గాలిలోకి వెళ్లే శక్తి అంతా కలిపినా రెండున్నర వాట్-గంటలకు మించదు. జేబులోని సెల్‌ఫోను బ్యాటరీలో ఇంతకు అయిదారు రెట్లు ఉంటుంది.

చిక్కు మొత్తం శక్తిలో లేదు, ఆ అర సెకనులో ఉంది. 5 వాట్లు బయటికి పంపాలంటే ట్రాన్స్‌మిటర్ లోపల అంతకు రెట్టింపు దాకా మింగుతుంది, ఆ కరెంటంతా ఒక్క ఉదుటున కావాలి. వయసు పెరిగేకొద్దీ సెల్లు లోపలి నిరోధం పెరుగుతుంది. చలిలో ఇంకా పెరుగుతుంది. పాత స్కూటరు హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది, సెల్ఫ్ నొక్కగానే చతికిలపడుతుంది. ఇక్కడా అదే వరస. మీటరు దాదాపు కరెంటే తీసుకోదు కాబట్టి దానికి ఈ నీరసం కనపడదు. పైగా బీకన్లలో వాడే లిథియం-మాంగనీస్ సెల్లు 3 వోల్టుల చుట్టూ చివరిదాకా బల్లపరుపుగా నడిచి ఒక్కసారిగా కూలుతుంది. నా దృష్టిలో దాని గొప్పతనమూ ఇదే, మోసమూ ఇదే.

సెల్ఫ్ టెస్ట్ బటన్ ఉంది కదా అనవచ్చు. రేవులో, ఎండలో నొక్కితే రేడియో బాగుందని తేలుతుంది. మైనస్ 20 డిగ్రీల్లో రెండు రోజులు లాగగలదని తేలదు. బంగాళాఖాతంలో మైనస్ 20 ఎక్కడిదని అడిగితే, లేదు నిజమే. కానీ మన ఎండ సెల్లును కూర్చోబెట్టే అరగదీస్తుంది, అక్కడ మిగిలింది ఇక్కడ పోతుంది. అందుకే అమెరికా నిబంధనల్లో గడువు తేదీ సెల్లు చచ్చే రోజు కాదు, పనికొచ్చే ఆయుష్షులో సగం పూర్తయ్యే రోజు. మిగతా సగం మన అజాగ్రత్తకు; టెస్టులూ, మెరిసే దీపమూ, దగ్గరికొచ్చిన వాళ్లకు దారి చూపే 121.5 మెగాహెర్ట్జ్ సంకేతమూ బ్యాటరీ అసలు లెక్కలోనే ఉంటాయి. ఛార్జింగ్ బ్యాటరీ పెడితే పోదా అంటే, అది ఊరికే ఉన్నా ఖాళీ అవుతుంది. ఛార్జింగ్ మరిచిపోయే మనిషి మీద ప్రాణాలు ఆధారపడతాయి.

సొంతంగా మార్చుకోవడానికి ఉన్న అడ్డు రసాయనం కాదు, రబ్బరు రింగు. ఓడ మునిగితే, నీటి ఒత్తిడికి తెగే విడుదల యంత్రం 4 మీటర్ల లోతు దాటకముందే బీకన్‌ను వదులుతుంది. ఆ లోతులో వెంట్రుకంత సందు ఉన్నా ఉప్పునీరు లోపలికి చేరుతుంది. సర్వీసు కేంద్రంలో కొత్త రింగు వేసి, లీకేజి చూశాకే తిరిగి ఇస్తారు.

ఇక ఈ కేకలు వినేవాళ్ల చరిత్ర చకచకా చెప్పొచ్చు. 1982లో ఆపద సంకేతాలను వినే కోస్పాస్-సార్సాట్ వ్యవస్థ తొలి ఉపగ్రహం ఎగిరింది, 2009లో ఉపగ్రహాలు 121.5ను వినడం మానేశాయి, మన దగ్గర ఈ కేకలు బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి చేరతాయి. పాత బీకన్‌ను బ్యాటరీతో సహా చెత్తలో పడేస్తే మాత్రం అది దెబ్బ తగిలి మోగొచ్చు, రక్షక దళం తుక్కు దుకాణానికి వెళ్లాల్సి రావచ్చు.