సీలియాక్ వ్యాధి - పసివారిలో లక్షణాలు

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో సముద్రతీరాన ఉన్న మత్స్యకార గ్రామం భావనపాడు. వరి అన్నం, చేపల పులుసు, చోడి అంబలి ఈ తీరవాసులకు తరతరాలుగా అలవడిన ఆహారం. ఇటువంటి చోట గోధుమల వలన కలిగే జబ్బును గురించి తెలుసుకోవలసిన అవసరమేమిటని అనిపించవచ్చు. కాని ఈనాడు బొంబాయి రవ్వ, సేమ్యా, బ్రెడ్డు, బిస్కెట్లు చేరని పల్లె లేదు. అంగన్‌వాడీలలో మూడేళ్ళలోపు పిల్లలకిచ్చే బాలామృతంలోనూ గోధుమపిండి ఉంటుంది. ఈ జిల్లా తీరం నుండి ఎందరో మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వేటకై వలస పోతుంటారు. అక్కడ రొట్టెల వాడుక ఎక్కువ. కనుక గోధుమకూ పసివారి ఎదుగుదలకూ గల సంబంధాన్ని మనమూ ఎరిగి ఉండాలి.

గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. పిండి తడిపినప్పుడు సాగే గుణం దాని వలననే కలుగుతుంది. ఎక్కువమందికి అది ఏ హానీ చేయదు. కాని కొందరిలో, జన్యుపరమైన కారణాల చేత, శరీరంలోని వ్యాధి నిరోధక వ్యవస్థ గ్లూటెన్‌ను శత్రువుగా భావిస్తుంది. ఆ పోరాటంలో దెబ్బ తినేది సొంత చిన్నప్రేగే. ప్రేగు లోపలి గోడపై ఆంత్రచూషకాలు అనే సన్నని వేళ్ళవంటి నిర్మాణాలుంటాయి. ఆహారసారాన్ని పీల్చి రక్తానికి అందించేవి అవే. అవి అరిగి చదునైపోతే, ఎంత తిన్నా ఒంటికి పట్టదు. ఇదే సీలియాక్ వ్యాధి. ఇది అంటువ్యాధి కాదు. తల్లి పెంపకంలోని లోపమూ కాదు.

తల్లిపాలతో చక్కగా పెరుగుతున్న బిడ్డకు ఆరు నెలల తరువాత ఇతర ఆహారం మొదలుపెడతారు. అందులో గోధుమ చేరిన కొన్ని నెలలకో, కొన్నేళ్ళకో లక్షణాలు కనిపించవచ్చు. వారాల తరబడి తగ్గని విరేచనాలు, దుర్వాసనతో జిడ్డుగా పోయే మలం, ఉబ్బిన పొట్ట, చిక్కిన కాళ్ళుచేతులు, పిరుదుల వద్ద ముడతలు పడిన చర్మం, ఆకలి మందగించడం, ఎప్పుడూ చిరాకుగా ఏడుస్తూ ఉండడం వీటిలో ముఖ్యమైనవి. కొందరిలో వాంతులు, మరికొందరిలో మలబద్ధకం కూడా కలగవచ్చు.

పెద్ద పిల్లలలో కడుపుకు సంబంధించిన బాధ ఏదీ లేకపోవచ్చు. ఈడు పిల్లలకంటె పొట్టిగా ఉండడం, ఇనుము మాత్రలు వేసినా తగ్గని రక్తహీనత, పళ్ళ పింగాణీ పొరలో లోపాలు, ఎముకల బలహీనత, యౌవన లక్షణాలు ఆలస్యంగా రావడం మాత్రమే దీనిని పట్టి ఇవ్వవచ్చు. తోబుట్టువులలో ఎవరికైనా ఈ వ్యాధి ఉన్నా, బిడ్డకు ఇన్సులిన్ అవసరమయ్యే మధుమేహం ఉన్నా మరింత జాగ్రత్త వహించాలి.

పొట్ట ఉబ్బిన బిడ్డను చూడగానే ఏలికపాములని కొందరు, దిష్టి తగిలిందని కొందరు అంటారు. నులిపురుగులు, పోషకాహార లోపం, క్షయ కూడా ఇటువంటి లక్షణాలనే కలిగిస్తాయి. కనుక లక్షణాలను బట్టి మాత్రమే సీలియాక్ అని నిర్ణయించరాదు. అయితే పురుగుల మందు వేసినా, మంచి ఆహారం పెట్టినా బరువు పెరగని బిడ్డ విషయంలో ఈ వ్యాధిని తలపుకు తెచ్చుకోవాలి.

ఈ వ్యాధి స్వరూపాన్ని లండన్ వైద్యుడు శామ్యూల్ గీ 1888లో స్పష్టంగా వర్ణించాడు. దోషం ఏ ఆహారంలో ఉన్నదో చాలాకాలం తెలియలేదు. హాలండ్‌కు చెందిన పిల్లల వైద్యుడు విల్లెం డికె గోధుమను అనుమానించాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1944-45 శీతాకాలపు కరవులో, ఆ దేశంలో రొట్టె కరవైంది. ఊరంతా ఆకలితో అలమటిస్తుండగా, ఈ జబ్బు గల పిల్లలు కోలుకున్నారు. రొట్టె మళ్ళీ దొరకగానే వారి జబ్బు తిరగబెట్టింది. ఆయన తన పరిశోధనా ఫలితాలను 1950లో సిద్ధాంత గ్రంథంగా సమర్పించాడు.

మన దేశంలో 23 వేలకు పైగా వయోజనులను పరీక్షించిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. ఈ వ్యాధికి అవకాశమిచ్చే జన్యువులు ఉత్తరాదిలోను, దక్షిణాదిలోను దాదాపు సమానంగా, నూటికి మూడవ వంతుకు పైగా ప్రజలలో ఉన్నట్లు అందులో తేలింది. కాని వ్యాధి మాత్రం దక్షిణాదిలో చాలా అరుదు. ఉత్తరాదిలో సగటున రోజుకు సుమారు 455 గ్రాముల గోధుమ తింటే, దక్షిణాదిలో తినేది 25 గ్రాములే. అనగా వరి అన్నం తినే మన ప్రాంతంలో ఆ అవకాశం దాగి ఉన్నదే గాని లేకపోలేదు. జన్యువులు ఉన్నవారందరికీ జబ్బు రాదు, వచ్చేది కొద్దిమందికే. ఆ కొద్దిమందిని గుర్తించడమే కష్టం. అరుదైన వ్యాధి వైద్యుని తలపుకు సైతం ఆలస్యంగా వస్తుంది.

అనుమానం కలిగినప్పుడు రక్తంలో ప్రతిరక్షకాలను పరీక్షిస్తారు. అవసరమైతే ఎండోస్కోపీ ద్వారా చిన్నప్రేగు నుండి చిన్న ముక్క తీసి చూస్తారు. ఇక్కడ ఒక హెచ్చరిక: పరీక్షలు పూర్తికాకముందే గోధుమ మానిపించరాదు. మానిపిస్తే ప్రేగు కోలుకొని, ప్రతిరక్షకాలు తగ్గి, జబ్బు ఉన్నా లేనట్లు ఫలితం రావచ్చు.

ఈ వ్యాధికి చికిత్స గ్లూటెన్ లేని ఆహారమే. దానిని జీవితాంతం పాటించాలి. బార్లీ మాల్టు గల పానీయాలను, గోధుమపిండి కలిపిన ఇంగువను కూడా మానాలి. గోధుమలు ఆడిన పిండిమరలోనే చోళ్ళు ఆడిస్తే ఆ పిండిలోనూ గోధుమ కలుస్తుంది. ఇన్ని నియమాలున్నా మన తీరవాసులకు ఒక సౌలభ్యం ఉంది. అన్నం, చోళ్ళు, జొన్నలు, పప్పులు, చేపలు, గుడ్లు, పాలు వీటిలో దేనిలోనూ గ్లూటెన్ లేదు. సరైన ఆహారంతో బిడ్డ కొన్ని వారాలలోనే తేరుకొని, క్రమంగా బరువు, ఎత్తు పెరుగుతుంది.

అంగన్‌వాడీలో బిడ్డ బరువును నమోదు చేసే పట్టికలో గీత పైకి సాగక నిలిచిపోయిందంటే, అది మాటలు రాని బిడ్డ చెప్పుకొన్న బాధ. చదువుకున్న అన్నగా, అక్కగా ఆ గీతను చదివి, తల్లికి వివరించి, పిల్లల వైద్యుని వద్దకు పంపడం మన బాధ్యత.