పాత కారు – అసలు కారు

గుడి రథమునకు ఇరుసు విరిగినచో క్రొత్త ఇరుసు వేయింతుము. చక్రము శిథిలమైనచో క్రొత్త చక్రము చేయింతుము. ఐనను అది మన పూర్వులు లాగిన రథమే యని చెప్పుకొందుము. అట్లనుట నిజమేనా యని పిల్లలు ప్రశ్నించినచో ఏమి బదులు చెప్పవలెను? ఇట్టి ప్రశ్నయే యొకప్పుడు ఇంగ్లండులో న్యాయస్థానమున విచారణకు వచ్చినది. అయితే అచ్చట విచారింపబడినది రథము గాదు, పందెపు కారు. ఆ వృత్తాంతమును తలిదండ్రుల ముందుంచుచున్నాము.

ముందుగా "వింటేజి" అను మాటను గూర్చి చెప్పవలెను. వాడుకలో ప్రతి పాత కారునకును ఈ పేరు పెట్టుచున్నారు. కాని 1934లో ఇంగ్లండున స్థాపితమైన వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్బువారు 1930వ సంవత్సరాంతమునకు లోపల తయారైన కార్లకే యీ పేరు చెల్లునని యెంచుదురు.

ఆ కాలపు కార్లలో బెంట్లీ వారి "స్పీడ్ సిక్స్" మిక్కిలి ప్రసిద్ధమైనది. దానికి ఆరు సిలిండర్లు, ఆరున్నర లీటర్ల ఇంజను. ఈ జాతికి చెందిన "ఓల్డ్ నంబర్ వన్" అను కారు ఫ్రాన్సులోని లె మాన్ నగరమున జరుగు ఇరువదినాలుగు గంటల పందెమును 1929లోను, 1930లోను వరుసగా గెలిచెను. రెండు పర్యాయములును దానిని నడిపిన వారిలో బార్నాటో యుండెను. ఆయనకు తోడుగా మొదటి యేట బిర్కిన్, రెండవ యేట కిడ్‌స్టన్ నడిపిరి.

పందెపు కారునకు విశ్రాంతి యుండదు. ఒక భాగము పోగా మరియొకటి అమర్చుచుందురు. 1932 నాటికి ఆ కారునకు ఎనిమిది లీటర్ల ఇంజను వచ్చినది. ఆ యేడు బ్రూక్‌లాండ్స్ పందెమున అది వాలు గట్టు దాటి పడగా, నడుపుచున్న క్లైవ్ డన్‌ఫీ మరణించెను. పిమ్మట దానిని బాగుచేసి, పైకప్పు గల క్రొత్త బాడీని కట్టించి, రోడ్డుపై నడిపిరి. చాలకాలమునకు యజమాని యొకడు దానిని మరల పందెపు రూపునకు తెచ్చి, 1990లో కోటి పౌనుల వెలకు అమ్మజూపెను. కొనెదమని యొప్పుకొన్నవారు, అది అసలైన కారు కాదని వెనుదీసిరి. అంతట వ్యాజ్యము నడచినది.

న్యాయమూర్తి ఆటన్ ఒక్కొక్క భాగముయొక్క చరిత్రను విచారించెను. 1929 నాటి కారులో నిశ్చయముగా మిగిలినదని చెప్పదగినదేదియు లేదు. 1930 నాటివి గేర్‌బాక్సు తొడుగు, స్టీరింగు కడ్డీ మొదలగు కొద్ది భాగములే. ఛాసీ, ఇంజను 1932 నాటివి. ఇంత తెలిసిన పిదపను తీర్పు అమ్మినవానికే యనుకూలమైనది. ఏలయన, ఆ కారు ఎన్నడును రూపుమాసి మరల పుట్టలేదు. భాగములు ఒకదాని వెంట ఒకటి మారినవే గాని దాని చరిత్ర తెగలేదు. ఆ పేరు తనదని చెప్పగల కారు వేరొకటియు లేదు.

దీనినుండి గ్రహింపవలసిన దేమన, "మొదటి భాగములతోనే యున్నది" అనుట వేరు, "తెగని చరిత్ర గలది" అనుట వేరు, "నకలు" అనుట వేరు. అమ్మువాడు ఈ మూడింటిలో దేనిని చెప్పుచున్నాడో కొనువాడు స్పష్టముగా తెలిసికొనవలెను. తళతళలాడు రంగు సాక్ష్యము కాజాలదు. ఛాసీ సంఖ్య, ఇంజను సంఖ్య, పాత రిజిస్ట్రేషను పత్రములు, నాటి ఛాయాచిత్రములు, ఏ భాగమును ఎప్పుడు ఎవరు మార్చిరో తెలుపు లెక్కలు – ఇవియే సాక్ష్యములు. బాగుచేయునపుడు తొలగించిన పాత ముక్కను సహితము పారవేయక దాచుట మంచిది.

పిల్లలకును మనము చెప్పదగిన బదులిదియే. క్రొత్త ఇరుసును క్రొత్తదని దాచక చెప్పుదము. అంతవరకు రథము పూర్వులదే యనుటలో అసత్యము లేదు.