కలిసి, విడిపోయి, మళ్ళీ కలిసి...
(పిక్సీస్ అనే రాక్ బృందం కథ)

— బి.యస్సీ., తృతీయ సంవత్సరం

మా ఊళ్ళో బ్యాండు అంటే పెళ్ళి బ్యాండే. ఎర్ర కోట్లు, ఇత్తడి బూరాలు, మెళ్ళో పెద్ద డ్రమ్ము, ముందు గంతులేసే కుర్రకారు. అంచేత హాస్టల్లో చేరిన కొత్తలో నా గదిమిత్రుడు "అమెరికా బ్యాండు పాట విను" అని చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టినప్పుడు అలాంటిదే కాబోలు అనుకున్నాను. తీరా చూస్తే కాసేపు గుసగుసలా నడిచిన పాట ఉన్నట్టుండి కేకలు పెట్టింది. ఉలిక్కిపడి పీకేశాను. వాడు నవ్వి, "అసలు సంగతంతా అక్కడే ఉందిరా" అన్నాడు. ఆ సంగతేమిటో తెలుసుకోడానికి నాకు ఏడాది పట్టింది. తెలిసినంత తోటి విద్యార్థులకు చెబుదామని ఈ ప్రయత్నం.

ఆల్టర్నేటివ్ రాక్ అంటే?

ముందు ఈ పేరు సంగతి చూద్దాం. 1980ల అమెరికాలో పెద్ద రికార్డు కంపెనీలూ, వ్యాపార రేడియోలూ ఎక్కువగా అమ్ముడయ్యే పాటలనే ముందుకు తోసేవి. అక్కడ చాలా విశ్వవిద్యాలయాలకు విద్యార్థులే నడుపుకొనే రేడియో స్టేషన్లు ఉన్నాయి. వాళ్ళకి అమ్మకాలతో పని లేదు. చిన్న కంపెనీలు విడుదల చేసిన, ఇంకెవరూ వెయ్యని రికార్డులు అర్ధరాత్రి దాకా వేసేవారు. ఆ సంగీతాన్ని మొదట్లో 'కాలేజీ రాక్' అనే అన్నారు. తర్వాత 'ఆల్టర్నేటివ్', అంటే ప్రధాన మార్గానికి ప్రత్యామ్నాయం, అన్న పేరు స్థిరపడింది. విద్యార్థులు తలుచుకుంటే ఒక సంగీతానికి ఊపిరి పొయ్యగలరనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

ఇద్దరు విద్యార్థులు, ఒక ప్రకటన

చార్లెస్ థాంప్సన్, జోయీ శాంటియాగో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో సహవిద్యార్థులు. శాంటియాగో పుట్టింది ఫిలిప్పీన్స్‌లోని మనీలాలో. థాంప్సన్ ఆంత్రోపాలజీ చదువుతూ కొన్నాళ్ళు ప్యూర్టోరికో వెళ్ళొచ్చాడు. వచ్చాక ఇద్దరూ చదువు వదిలేసి బోస్టన్ నగరం చేరారు. (మన తల్లిదండ్రులు ఈ వాక్యం చదవకుందురు గాక!) 1986లో బృందం పెట్టారు. శాంటియాగో నిఘంటువులో వెతికి 'పిక్సీస్' అన్న మాట పట్టుకొచ్చాడు. అల్లరి చేసే బుల్లి యక్షిణుల్లాంటి వాళ్ళని దానర్థం.

బేస్ గిటారు వాయించేవారు కావాలని పత్రికలో ప్రకటన వేశారు. హుస్కర్ డ్యూ అనే హోరు బృందమూ, పీటర్, పాల్ అండ్ మేరీ అనే మెత్తని జానపద గాయకులూ ఇద్దరూ నచ్చినవాళ్ళే రావాలన్నారు. కారం, పాయసం ఒకే విస్తట్లో కావాలన్నట్టు! వచ్చింది ఒక్కరే, ఒహయో రాష్ట్రానికి చెందిన కిమ్ డీల్. ఆమెకి గిటారు వచ్చు గాని బేస్ అంతకుముందు వాయించనే లేదు. అయినా తీసుకున్నారు. ఆమె భర్తకు తెలిసిన డేవిడ్ లవరింగ్ డ్రమ్ములకు వచ్చాడు. నలుగురయ్యారు. థాంప్సన్ 'బ్లాక్ ఫ్రాన్సిస్' అని వేదిక పేరు పెట్టుకున్నాడు.

1987లో థాంప్సన్ తండ్రి సర్దిన వెయ్యి డాలర్లతో మూడు రోజుల్లో 17 పాటలు రికార్డు చేశారు. ఆ టేపు ఇంగ్లండులోని '4ఎడి' అనే చిన్న కంపెనీకి చేరింది. అందులో ఎనిమిది పాటలు ఏరి 'కమాన్ పిల్‌గ్రిమ్' పేరుతో అదే ఏడు విడుదల చేశారు. 1988లో 'సర్ఫర్ రోసా', 1989లో 'డూలిటిల్' వచ్చాయి. విచిత్రమేమంటే సొంత దేశం కన్నా ముందు బ్రిటన్ వాళ్ళను నెత్తిన పెట్టుకుంది. 'డూలిటిల్' అక్కడి ఆల్బమ్‌ల పట్టికలో 8వ స్థానానికెక్కింది.

మెల్లగా, గట్టిగా, మళ్ళీ మెల్లగా

ఇప్పుడు నేను ఉలిక్కిపడిన సంగతికొద్దాం. చరణంలో బేస్, డ్రమ్ములు మాత్రమే వినిపిస్తాయి, గొంతు గొణుగుతుంది. పల్లవి రాగానే గిటార్లు విరుచుకుపడతాయి, గొంతు అరుస్తుంది. మళ్ళీ అంతా సద్దుమణుగుతుంది. 'డూలిటిల్'లోని 'టేమ్' అనే పాట దీనికి మచ్చు.

ఇందులో కొంత మన ఫిజిక్సు ఉంది. ఎలక్ట్రిక్ గిటారు తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ చుట్ట ఉంటాయి. తీగ కంపిస్తే చుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఫారడే సూత్రమే. ఆ బలహీనమైన సిగ్నల్‌ని యాంప్లిఫయర్ పెంచుతుంది. దాని శక్తికి మించి పెంచితే తరంగాల శిఖరాలు కత్తిరించినట్టు చదునైపోతాయి. అప్పుడు మూలస్వరంతో పాటు కొత్త హార్మోనిక్స్ పుట్టి, నున్నగా ఉండాల్సిన ధ్వని బరబరలాడుతుంది. రాక్ గిటారు గర్జన అదే. ఇక డెసిబెల్ లెక్క. పది డెసిబెల్స్ పెరిగితే ధ్వని తీవ్రత పది రెట్లవుతుంది. మామూలు సంభాషణ సుమారు 60, రాక్ కచేరీ సుమారు 110. అంటే తేడా లక్ష రెట్లు! రికార్డులో అంత తేడా ఉండదనుకోండి. కాని చెవి పోల్చుకుని వింటుంది. తెల్లవార్లూ నడిచిన మోటారు ఆగినప్పుడే కదా, చేలో ఎంత నిశ్శబ్దంగా ఉందో మనకు తెలిసేది!

'సర్ఫర్ రోసా' రికార్డు చేసిన స్టీవ్ ఆల్బినీ (2024లో మరణించాడు) గదిలో ధ్వని ఎలా ఉందో అలాగే పట్టాలనేవాడు. కూలి ఒకసారి తీసుకుని రాయల్టీ వద్దనేవాడు. అందుకే ఆ రికార్డులో డ్రమ్ములు మన పక్కనే మోగినట్టుంటాయి.

చీలిక

బృందానికి పేరు వచ్చింది. పేరుతో పాటే పేచీ వచ్చింది. పాటలు దాదాపు అన్నీ థాంప్సన్ రాసేవాడు. 'జైగాంటిక్' లాంటి ఒకటీ అరా పాటల్లో కిమ్ డీల్ గొంతుకి శ్రోతలు బ్రహ్మరథం పట్టారు. తన పాటలు ఇంకా ఉండాలని ఆమె కోరిక. రాక్ వ్యాపారంలో పాట రాసినవాడికి వేరే ఆదాయముంటుంది. వాయించినవాళ్ళకు అందులో వాటా రాదు. కాబట్టి 'ఎవరి పాట' అన్నది గౌరవం ప్రశ్నే కాదు, డబ్బు ప్రశ్న కూడా. పైగా ఎడతెగని పర్యటనలు. డీల్ 1990లో 'బ్రీడర్స్' అనే సొంత బృందంతో 'పాడ్' అనే ఆల్బమ్ తెచ్చింది. పిక్సీస్‌వి 'బోసనోవా' (1990), 'ట్రాంప్ ల మోండ్' (1991) వచ్చాయిగాని వాటిలో ఆమె రాసిన పాటలు లేవు. 1992లో యు2 అనే మహా బృందం కచేరీలకు ముందు వాయించే అవకాశం వచ్చింది. అప్పటికే లోపల అంతా అయిపోయింది.

1993 జనవరిలో థాంప్సన్ బి.బి.సి. రేడియోలో బృందం ముగిసిందని చెప్పేశాడు. అప్పటికి మిగతా ముగ్గురికీ ఆ మాట తెలియదు! తర్వాత శాంటియాగోకి ఫోన్ చేశాడు. డీల్, లవరింగ్‌లకు ఫ్యాక్స్ పంపాడు. ఏడేళ్ళ సహవాసానికి ఒక కాయితం ముక్క!

ఇది చదివినప్పుడు నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. తాతయ్య పోయాక నాన్న, బాబాయి వేరుపడ్డారు. పెద్ద కొట్లాటేం జరగలేదు. "పేరు ఆయనది, చాకిరీ మాది" అన్న మాట ఏళ్ళ తరబడి లోపల నానింది, అంతే. పొలం పంచారు, గేదెలు పంచారు. బోరు ఒక్కటే పంచడానికి కుదర్లేదు. రోజు మార్చి రోజు వంతులు పెట్టుకున్నారు, మాటలు మానేశారు.

పదకొండేళ్ళు

విడిపోయిన తర్వాతే వాళ్ళ విలువ తెలిసింది. నిర్వాణా బృందం కర్ట్ కొబేన్, తమకు లోకప్రఖ్యాతి తెచ్చిన పాట పిక్సీస్ పద్ధతిలో రాయబోయినదేనని 1994లో అచ్చయిన ఇంటర్వ్యూలో దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. తన బృందం ఆఖరి ఆల్బమ్‌కి ఆల్బినీనే పిలిపించుకున్నాడు. 1999లో 'ఫైట్ క్లబ్' సినిమా చివర 'వేర్ ఈజ్ మై మైండ్?' వినిపించాక కొత్త తరం శ్రోతలు పుట్టుకొచ్చారు. ఈలోగా థాంప్సన్ పేరు తిరగేసి 'ఫ్రాంక్ బ్లాక్' అయ్యాడు. డీల్ బ్రీడర్స్ 1993లోనే ఘనవిజయం సాధించింది. శాంటియాగో సినిమాలకూ టీవీకీ సంగీతం చేశాడు. ఎలక్ట్రానిక్స్ చదివిన లవరింగ్ సైన్సు ప్రయోగాలతో ఇంద్రజాలం చేసే మాంత్రికుడయ్యాడు. మన శాఖవాడే!

మళ్ళీ కలయిక

2004 ఏప్రిల్ 13న మినియాపొలిస్ నగరంలో ఒక చిన్న హాల్లో నలుగురూ మళ్ళీ వేదికెక్కారు. ఆ తర్వాత ఊరూరా పెద్ద జనం. చిత్రమేమంటే, విడిపోయే నాటికి పుట్టీ పుట్టని పిల్లలు ఆ పాటలన్నీ కంఠతా పాడారు. ఆ పర్యటన మీద 2006లో డాక్యుమెంటరీ కూడా వచ్చింది. అందులో ఈ నలుగురూ వేదిక దిగాక ఒకరితో ఒకరు పెద్దగా మాట్లాడుకోరు. సినిమాల్లోలా కావలించుకుని కన్నీళ్ళు పెట్టుకోవడాలేమీ లేవు. కాని వేదికెక్కితే నలుగురి చేతులూ ఒకే పాటవుతాయి.

ఆ కలయిక శాశ్వతం కాలేదు. 2013లో కొత్త రికార్డు పనిలో ఉండగా కిమ్ డీల్ వెళ్ళిపోయింది. తక్కిన ముగ్గురూ బేస్‌కి వేరేవాళ్ళను తెచ్చుకుని కొత్త ఆల్బమ్‌లు చేస్తూ వచ్చారు. డీల్ తన బ్రీడర్స్‌తో 2018లో కొత్త ఆల్బమ్ తెచ్చింది, 2024లో సొంత పేరుతో మరొకటి. అయితే 2004 నుంచి ఆ తొమ్మిదేళ్ళు వృథా పోయాయనగలమా? నేననలేను.

మొన్న వేసవిలో మా బోరు మోటారు కాలిపోయింది. మిరప తోట ఎండుతోంది, ఇద్దరిదీ. నాన్న, బాబాయి, నేను, బాబాయి కొడుకు, నలుగురం కలిసి పైపులు లాగి మోటారు పైకి తీశాం. వాళ్ళిద్దరూ ఒకే ఆటోలో టౌనుకి పోయి వైండింగ్ చేయించుకొచ్చారు. దారిలో ఏమైనా మాట్లాడుకున్నారా అని అడిగితే, "ఏముంది మాట్లాడ్డానికి" అన్నాడు నాన్న. మర్నాడు మళ్ళీ వంతులే. అయినా నీళ్ళు వచ్చాయి. తోట నిలబడింది.

కలవడమంటే పాత రోజులు తిరిగి రావడమే అనుకునేవాణ్ణి. కానక్కర్లేదు. నలుగురు చేతులేస్తే తప్ప కాని పని ఒకటి ఉంటే, దానికోసం ఆ కాసేపు కలిసినా కలిసినట్టే. హాస్టల్లో మాటలు మానుకున్న మిత్రులెవరైనా ఇది చదివితే, ఓసారి ఆలోచించండి.