సబ్సిడీ లక్ష దాటినా సౌర విద్యుత్తుకు దొరకని పాతఢిల్లీ డాబా

న్యూఢిల్లీ: ఇంటి డాబాపై మూడు కిలోవాట్ల సౌర విద్యుత్ ఫలకాలను అమర్చుకునే ఢిల్లీ వాసికి కేంద్రం నుంచి 78 వేలు, ఢిల్లీ ప్రభుత్వం నుంచి 30 వేలు, వెరసి 1,08,000 రూపాయల సబ్సిడీ లభించే ఏర్పాటు 2025లో జరిగింది. ఇంత ఉదారమైన సహాయం ప్రకటించిన తరువాత కూడా రాజధాని నగరంలో ఒక ప్రాంతం మాత్రం ఈ లెక్కలకు ఒదగకుండా నిలిచింది. అది ఎర్రకోట నుంచి ఫతేపురి వరకు, అటు జామా మసీదు వెనుక సందుల దాకా విస్తరించిన పాతఢిల్లీ. 1639లో షాజహాన్ పునాది వేయించిన ఈ నగరంలో ఎండకు కొదువ లేదు. డాబాలకూ కొదువ లేదు. డాబా ఎవరిదో తేల్చడమే కష్టం.

సబ్సిడీ పథకాలను రూపొందించిన వారి దృష్టిలో ఇల్లంటే ఒక యజమాని, ఒక మీటరు, ఒక పైకప్పు. ద్వారక, రోహిణి వంటి కొత్త పేటలలో ఈ ఊహ చాలావరకు నిజమే కావచ్చు. పాతఢిల్లీ కూచాలలో, కట్రాలలో ఒకే హవేలీలో పది మీటర్లు ఉంటాయి. కింద దుకాణాలు, మధ్య అంతస్తులో గోదాములు, పైన నాలుగైదు కుటుంబాలు కాపురముంటాయి. అందరి తలలపైనా ఉన్న కప్పు మాత్రం ఒక్కటే.

సహాయం ఏ మేరకు?

ప్రధానమంత్రి 2024 ఫిబ్రవరి 13న ప్రకటించిన సూర్యఘర్ ముఫ్త్ బిజ్లీ యోజనకు కేంద్ర మంత్రివర్గం అదే నెలలో ఆమోదముద్ర వేసింది. కోటి ఇళ్ళు లక్ష్యం; 75,021 కోట్ల రూపాయల వ్యయం; 2026-27 వరకు గడువు. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్ ఒక్కింటికి 30 వేల రూపాయల చొప్పున, మూడో కిలోవాట్‌కు 18 వేల రూపాయల చొప్పున కేంద్రం సబ్సిడీ ఇస్తుంది. అంతకు మించి ఎంత పెద్ద ప్లాంటు పెట్టుకున్నా 78 వేలకు పైసా పెరగదు. మొదటి రెండు కిలోవాట్ల ప్రామాణిక ధరను కిలోవాట్‌కు 50 వేలుగా లెక్కించి అందులో 60 శాతాన్ని, మూడోదాని ధరను 45 వేలుగా లెక్కించి అందులో 40 శాతాన్ని ప్రభుత్వం భరిస్తున్నదన్నమాట. మిగిలిన మొత్తానికి హామీ లేని బ్యాంకు రుణం రెపో రేటుపై అర శాతం అదనపు వడ్డీకి, అంటే పథకం మొదలైన నాటి లెక్కన సుమారు 7 శాతానికి లభించే వెసులుబాటు ఉంది. 2025 మార్చి నాటికి దేశంలో పది లక్షల ఇళ్ళు ఈ పథకం కిందికి వచ్చాయి. వీటిలో గుజరాత్‌దే అగ్రస్థానం.

అయితే సబ్సిడీ కావాలంటే ఫలకాలు మాత్రమే కాదు, వాటిలోని సెల్స్ కూడా దేశీయంగా తయారైనవే కావాలన్న షరతు ఉంది. చైనా సెల్స్‌తో పోలిస్తే వీటి ధర ఎక్కువ కనుక సబ్సిడీలో కొంత భాగం ఈ తేడాకే హరించుకుపోతుంది. పొరుగున పాకిస్తాన్‌లో కథ దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ చౌక చైనా ఫలకాలు, మండిపోతున్న విద్యుత్ చార్జీలు కలిసి జనాన్ని మేడలెక్కించాయి. ఒక్క 2024లోనే ఆ దేశం సుమారు 17 గిగావాట్ల ఫలకాలను దిగుమతి చేసుకున్నదని అంతర్జాతీయ ఇంధన పరిశోధన సంస్థ ఎంబర్ లెక్కగట్టింది. ఇక్కడ ప్రభుత్వం బతిమాలి చేయిస్తున్న పనిని అక్కడి వినియోగదారుడు కరెంటు బిల్లు భయంతో తనకు తానే చేసుకున్నాడు.

ధర విషయంలో ఒక ఊరట మాత్రం లభించింది. సౌర పరికరాలపై 2021 అక్టోబరులో 5 నుంచి 12 శాతానికి పెంచిన జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తిరిగి 5 శాతానికి తగ్గించారు.

రెండు కుటుంబాలు, రెండు లెక్కలు

ఢిల్లీలో సౌర విద్యుత్ లాభనష్టాలు సూర్యుడి కన్నా బిల్లు శ్లాబులపైనే ఎక్కువ ఆధారపడి ఉంటాయి. నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇళ్ళకు 2019 ఆగస్టు నుంచి విద్యుత్ ఉచితం. 201 నుంచి 400 యూనిట్ల వరకు సగం బిల్లును ప్రభుత్వం భరిస్తుంది. దీనికి 800 రూపాయల పరిమితి ఉంది. 400 దాటితే ఏ రాయితీ లేదు. 2025లో ప్రభుత్వం మారిన తరువాత కూడా ఈ రాయితీ కొనసాగింది. దీనికి తోడు 2024 మార్చిలో నోటిఫై అయిన ఢిల్లీ సౌర విధానం ప్రకారం మూడు కిలోవాట్ల వరకు ప్లాంటు ఉత్పత్తి చేసే ప్రతి యూనిట్‌కు ఐదేళ్ళపాటు మూడు రూపాయల ప్రోత్సాహకం చెల్లించాలి.

నెలకు 450 యూనిట్లు వాడే ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. 2021 సెప్టెంబరు టారిఫ్ ఉత్తర్వు ప్రకారం మొదటి 200 యూనిట్లకు మూడు రూపాయలు, తరువాతి 200కు నాలుగున్నర, ఆపై యాభైకి ఆరున్నర చొప్పున విద్యుత్ ఖరీదే 1,825 రూపాయలు అవుతుంది. స్థిర చార్జీలు, సర్‌చార్జీలు దీనికి అదనం. మూడు కిలోవాట్ల ప్లాంటు నెలకు ఎంత తక్కువన్నా 300 యూనిట్లు ఇస్తుందనుకుంటే, ఆ ఇంటి నికర వాడకం 150కి దిగుతుంది. అంటే ఉచిత శ్లాబులోకి చేరుతుంది, బిల్లు సున్నా. పైగా ప్రోత్సాహకం 900 రూపాయలు. ప్లాంటు ఖరీదు 1,80,000 అనుకున్నా సబ్సిడీలు పోగా చేతి నుంచి పడేది 72 వేలు. రెండేళ్ళ మూడు నెలలు తిరిగేసరికి ఈ పెట్టుబడి వెనక్కి వస్తుంది. ఫలకాల ఆయుర్దాయం పాతికేళ్ళు కనుక బేరం బ్రహ్మాండమైనదే.

ఇక అదే వీధిలో, రెండు గదుల్లో కాపురముంటూ నెలకు 190 యూనిట్లు వాడే కుటుంబం సంగతి. వారి బిల్లు ఇప్పటికే సున్నా. సున్నాను ఇంకా తగ్గించడం సూర్యుడి తరం కూడా కాదు. ఒక కిలోవాట్ ప్లాంటుకు 65 వేలు అవుతుందనుకుంటే, కేంద్ర, ఢిల్లీ సబ్సిడీలు 40 వేలు పోను 25 వేలు వారు పెట్టుకోవాలి. నెలకు వంద యూనిట్లకు ప్రోత్సాహకంగా వచ్చే 300 రూపాయలు ఐదేళ్ళకు 18 వేలు. ఆ తరువాత అదీ ఆగిపోతుంది. పెట్టుబడే తిరిగి రాని వ్యాపారం ఎవరు చేస్తారు?

ఒక చేత్తో ఉచిత విద్యుత్, మరో చేత్తో సౌర సబ్సిడీ ఇచ్చే ఈ వైరుధ్యం ఢిల్లీకే పరిమితం కాదు. తెలంగాణలో 2024 మార్చిలో గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల వరకు ఉచితం చేసినందున హైదరాబాద్ పాతబస్తీలోని చిన్న కుటుంబాలకూ ఇదే లెక్క వర్తిస్తుంది. కాగా ఢిల్లీ పంపిణీ సంస్థలకు ఏళ్ళ తరబడి పేరుకుపోయిన వేల కోట్ల రూపాయల బకాయిలను నిర్ణీత గడువులో తీర్చాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో ఆదేశించింది. ఆ భారం చార్జీలపై పడేకొద్దీ పెద్ద వినియోగదారులకు సౌర విద్యుత్ మరింత లాభసాటి అవుతుంది. ఉచిత శ్లాబు ఉన్నంతకాలం చిన్న కుటుంబానికి ఆ వేడి తగలదు.

కప్పు ఎవరిది?

సబ్సిడీ దరఖాస్తుకు మొదట కావలసినవి విద్యుత్ కనెక్షన్, ఫలకాలు అమర్చేందుకు కప్పుపై హక్కు. ఈ రెండూ ఒకే చేతిలో ఉండడం పాతఢిల్లీలో అరుదు. మూడు నాలుగు తరాల క్రితం మరణించిన తాతగారి పేరిట ఉన్న ఇల్లు నేడు పదిహేను మంది వారసుల ఉమ్మడి ఆస్తి. అందరూ సంతకం పెడితే గాని డాబాపై ఒక ఇనుప కాలు నాటడానికి వీల్లేదు. దేశ విభజన నాడు వలస వెళ్ళిన వారి ఇళ్ళు ప్రభుత్వ కస్టోడియన్ చేతికి వెళ్ళి చేతులు మారిన చరిత్ర ఒకటి. వక్ఫ్ ఆస్తులు మరొకటి.

అద్దె ఇళ్ళ చిక్కు మరింత లోతైనది. 1958 నాటి ఢిల్లీ అద్దె నియంత్రణ చట్టం నెలకు 3,500 రూపాయల లోపు అద్దె ఇళ్ళకు రక్షణ కల్పిస్తుంది. పాతకాలపు నామమాత్రపు అద్దెకు తరతరాలుగా ఉంటున్న కిరాయిదారును ఖాళీ చేయించలేక, ఆ అద్దెతో ఇంటికి మరమ్మతులు చేయించలేక యజమానులు చేతులెత్తేశారు. అటువంటి యజమాని కిరాయిదారు బిల్లు తగ్గించేందుకు లక్షలు ఖర్చు చేస్తాడని ఆశించడం వృథా. కిరాయిదారు స్వయంగా ఫలకాలు పెడతానంటే, రేపు దానినే హక్కుగా చూపుతాడేమోనని యజమానికి భయం. బిల్లు కట్టేది ఒకరు, కప్పు మరొకరిది కావడంతో లక్ష రూపాయల సబ్సిడీ ఇద్దరి మధ్య నిలిచిపోతోంది.

ఈ గండం దాటినా కప్పు బలాన్ని చూసుకోవాలి. కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగుల నీడలేని స్థలం కావాలి. ఫలకాలు, చట్రం కలిపి చదరపు మీటరుకు పదిహేను కిలోలకు అటు ఇటుగా బరువు పడుతుంది. ఇది మోయలేనిదేమీ కాదు గాని, ఢిల్లీ మే నెల గాలిదుమారం ఫలకాన్ని గాలిపటంలా పైకి లేపే శక్తి గలది. చట్రాన్ని బిగించేందుకు కప్పులో బోల్టు దించాలి, లేదా కాంక్రీటు దిమ్మెలు పెట్టాలి. దూలాలపై రాతిపలకలు పరచి, సున్నం వేసిన పాత హవేలీ కప్పు ఇందుకు తట్టుకుంటుందో లేదో ఇంజనీరు చూసి చెప్పవలసిందే. ఆ పరీక్ష ఖర్చుకు సబ్సిడీ లేదు. పక్కన అనుమతులున్నవో లేనివో లేచిన నాలుగైదు అంతస్తుల నీడ మరో బెడద. ఒకే వరుసలో కలిపిన ఫలకాలలో ఒక్కదానిపై నీడ పడినా వరుస మొత్తం ఉత్పత్తి తగ్గిపోతుంది. దీనిని నివారించే పరికరాలు ఉన్నాయి గాని ఖరీదు పెరుగుతుంది. ఇక కోతులు, దుమ్ము, పావురాల రెట్టల సంగతి చెప్పనక్కరలేదు. పావురాలను పెంచడం ఇక్కడ తరాల నాటి సరదా. ఆ గూళ్ళుండేదీ డాబాపైనే.

ప్లాంటు ఉంటే కరెంటు పోదన్నది చాలామందికి ఉన్న అపోహ. బ్యాటరీ లేని సాధారణ ప్లాంటు సరఫరా ఆగిన మరుక్షణం తానూ ఆగిపోతుంది. లైన్‌పై పనిచేసే సిబ్బందికి షాకు తగలకుండా ఉండేందుకే ఈ ఏర్పాటు.

అగ్నిప్రమాదాల భయమూ తీసివేయదగింది కాదు. 2022 నవంబరులో చాందినీచౌక్‌లోని విద్యుత్ పరికరాల టోకు బజారు భగీరథ్ ప్యాలెస్‌లో చెలరేగిన మంటలలో వందకు పైగా దుకాణాలు దెబ్బతిన్నాయి. మీటరు వద్ద కరెంటు ఆపినా, ఎండ ఉన్నంతసేపు ఫలకాల నుంచి వచ్చే తీగలలో విద్యుత్ ప్రవహిస్తూనే ఉంటుంది. ఫైరింజను దూరలేని సందులో దీనికి ఎంత జాగ్రత్త అవసరమో వేరే చెప్పాలా?

యమున అవతల ఫలకం, ఇవతల బిల్లు

కప్పు లేని వారికి చట్టంలో దారి లేకపోలేదు. అది వర్చువల్ నెట్ మీటరింగ్. సౌర ప్లాంటు ఒకచోట ఉంటుంది. అందులో వాటా కొన్నవారి బిల్లులలో వారి వాటా మేరకు యూనిట్లు తగ్గుతాయి. ఢిల్లీ విద్యుత్ నియంత్రణ కమిషన్ 2019లోనే దీనికి మార్గదర్శకాలు జారీ చేసింది. ప్లాంటు, వినియోగదారు ఒకే పంపిణీ సంస్థ పరిధిలో ఉండాలన్నది ప్రధాన నిబంధన. చాందినీచౌక్, దరియాగంజ్‌లకు సరఫరా చేసే బీఎస్ఈఎస్ యమున సంస్థ పరిధి యమునా నది దాటి తూర్పు ఢిల్లీ వరకు విస్తరించి ఉంది. ఆ లెక్కన లక్ష్మీనగర్‌లోనో మయూర్ విహార్‌లోనో ఒక పాఠశాల కప్పుపై పెట్టిన ఫలకం బల్లీమారాన్ గల్లీలోని ఇంటి బిల్లును తగ్గించవచ్చు. వారసుల సంతకాలు అక్కరలేదు, పావురాల గూళ్ళు కదపనక్కరలేదు.

ఇటువంటి ప్లాంట్లకు కూడా సూర్యఘర్ సబ్సిడీ వర్తిస్తుందని కేంద్ర నిబంధనలు స్పష్టం చేస్తున్నాయి. 2024 నాటి ఢిల్లీ విధానం ఉమ్మడి సౌర ప్లాంట్లను ప్రత్యేకంగా పేర్కొన్నది. పంపిణీ సంస్థలో ప్రైవేటు కంపెనీలో ముందుగా పెట్టుబడి పెట్టి, వినియోగదారుల తరఫున ప్లాంట్లు నెలకొల్పే పద్ధతులకు కేంద్రం 2024 డిసెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. నిజానికి దూరపు ఎండను పాతఢిల్లీ ఇప్పటికే వాడుకుంటున్నది. చాందినీచౌక్ నేల కింద పరుగెత్తే మెట్రోకు కావలసిన విద్యుత్తులో కొంత 2019 నుంచి మధ్యప్రదేశ్‌లోని రేవా సౌర కేంద్రం నుంచి వస్తున్నది.

అయితే ఉమ్మడి ప్లాంటుకు పూనుకోవలసింది ఎవరన్నదే తేలలేదు. కొత్త పేటలలో నివాసుల సంక్షేమ సంఘాలు ఉన్నాయి. వాటికి బ్యాంకు ఖాతా, తీర్మానాల పుస్తకం ఉంటాయి. ఇక్కడ బలంగా ఉన్నవి వర్తక సంఘాలు. గృహ వినియోగదారుల సబ్సిడీతో వాటికి పని లేదు. పైన చెప్పిన 190 యూనిట్ల కుటుంబానికి యమున అవతలి ఫలకంతోనూ ఒరిగేది స్వల్పమే. ఈ దారి ప్రధానంగా ఉపయోగపడేది 400 యూనిట్లు దాటి వాడుతూ, పెద్ద బిల్లు కడుతూ, కప్పుపై హక్కు లేని మధ్యతరగతి కుటుంబాలకే.

సొంత డాబా, ఒకే యజమాని ఉన్న కొద్దిమందికి పని ఇప్పుడు సులువైంది. పది కిలోవాట్ల లోపు ప్లాంటుకు సాంకేతిక పరిశీలన అవసరం లేకుండానే దరఖాస్తును ఆమోదించినట్లు భావించాలని 2024లో కేంద్రం విద్యుత్ నిబంధనలను సవరించింది. ఢిల్లీ సౌర విధానానికి మూడేళ్ళ గడువు నిర్దేశించారు. కేంద్ర పథకానికి 2026-27 చివరి సంవత్సరం. వారసుల పేర్ల మార్పిడి పూర్తి చేసుకుని, ఆ పత్రంతో దరఖాస్తు చేయదలచిన వారు ముందుగా ఈ తేదీలను సరిచూసుకోవడం మేలు. పేరు మార్పిడి ఫైలు ఒక్కోసారి పథకం కన్నా ఎక్కువ కాలం నడుస్తుంది.