ఘాట్ ఎక్కే బండికి ఏ ఆయిల్?

గాజువాక ట్రాఫిక్‌లో అరగంట నిలబడే బండి... ఆదివారమొస్తే అరకు ఘాట్ ఎక్కే బండి... దాని ఇంజిన్ ఎంత వేడెక్కుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఆ వేడికి ముందుగా నలిగేది లోపలున్న ఆయిలే!

మామూలు ఆయిల్ ముడిచమురును శుద్ధి చేస్తే వస్తుంది. అందులో చిన్నా పెద్దా అణువులు కలగాపులగంగా ఉంటాయి. వేడికి తేలికవి ఆవిరైపోతాయి, మిగిలింది చిక్కబడి మడ్డి కడుతుంది. సింథటిక్ ఆయిల్‌ని అణువులన్నీ దాదాపు ఒకే తీరుగా ఉండేలా రసాయన ప్రక్రియతో తయారుచేస్తారు. అందుకే వేడిని తట్టుకుంటుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. లంబసింగి చలిలో తెల్లవారుజామున బండి తీసినా చప్పున అన్ని భాగాలకూ చేరుతుంది. జెట్ విమానాల ఇంజిన్లలో వాడేదీ సింథటిక్ రకమే. కార్ల కోసం మొబిల్ వన్ వచ్చింది 1974లో.

మరి ధర? మామూలుదానికి రెండు మూడింతలు! రోజూ ఇంటికీ ఆఫీసుకీ తిరిగే పాత బండికి వేళకు మారిస్తే మామూలు ఆయిలూ చాలు. టర్బో ఇంజిన్ ఉన్నా, బరువుతో తరచూ ఘాట్లు ఎక్కుతున్నా సింథటిక్కే మేలు. ఏదైనా సరే, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే పోయించండి. గేర్ల బైక్ అయితే డబ్బా మీద 'జాసో ఎంఏ' అని ఉందేమో చూడండి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చు.

అన్నట్టు, తీసేసిన ఆయిల్‌ని గెడ్డలో పోయనీయకండి. అది చివరికి చేరేది మన సముద్రానికే!